పాత ఇంట్లో రాత్రి బస: భవంతి ఇల్లా, గడీనా, హరిత హోటలా?

నల్లగొండ, పాలమూరు దిక్కు రెండు రోజులు తిరిగి రావాలనుకునేవాళ్లకు ఏం చూడాలన్నది పెద్ద చిక్కు కాదు. పానగల్లు గుళ్లు, దేవరకొండ ఖిల్లా, గద్వాల కోట, ఆలంపూర్ నవబ్రహ్మలు, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డు అంటూ జాబితా దానంతటదే తయారవుతుంది. తెగనిది రాత్రి పడక సంగతి. ఫోన్లో వెతికితే మొగురాలు (కట్టె స్తంభాలు), దూలాలు, నడుమ ఆకాశం కనిపించే భవంతి, అంటే ఇంటి నడిమి ఖాళీ జాగా, ఉన్న ఇంటి ఫొటో ఒకటి కనబడుతుంది. కింద "వందేళ్ల ఇల్లు, పొద్దున టిఫిన్‌తో సహా" అని రాసి ఉంటుంది. దాని పక్కనే పర్యాటక సంస్థ హరిత హోటల్, ఆ కింద బస్టాండు ఎదురుగా ఏసీ లాడ్జి. మూడింటికీ నాలుగు చుక్కలే.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. సంస్థానం కోటలోనే పడుకోవాలన్న కోరిక ఈ దిక్కున తీరేది కాదు. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోట లోపల మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ ఉంది. అవి పగలు చూసి వచ్చేవి. బసకు దొరికేవి అంతకంటే చిన్నవి: దేశ్‌ముఖులు, పటేళ్లు, పట్వారీలు, షావుకార్లు కట్టుకున్న ఇళ్లు.

ఇల్లు ఎంత పాతదన్నది తర్వాత, రాత్రి ఎవరుంటారన్నది ముందు

పాత ఇంటి బస బాగుండటం, చెడిపోవడం ఎక్కువగా ఒక్కదాని మీద ఆధారపడి ఉంటుంది: రాత్రిపూట ఆ ఇంట్లో ఇంటివాళ్లు పడుకుంటారా, లేదా. ఇంటివాళ్లు నిద్రపోయే కప్పు కురవదు. కురిస్తే ఆ రాత్రే వాళ్లకు తెలుస్తుంది. వాళ్లు తాగే నీళ్లే మనకూ పోస్తారు. కరెంటు పోతే మనకంటే ముందు వాళ్లే లేస్తారు. యజమాని హైదరాబాద్‌లో ఉండి, ఊరి మనిషి ఒకరు తాళంచెవులు చూసుకునే ఇంట్లో ఇవన్నీ మనం చెప్పేదాకా ఎవరికీ పట్టవు.

కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం కూడా ఇదే అడుగుతుంది. ఇంటివాళ్లు అక్కడే నివాసం ఉండాలి, అద్దెకిచ్చే గదులు ఆరుకు, మంచాలు పన్నెండుకు మించకూడదు. అలా నమోదైన ఇళ్లకు గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు ఇస్తారు. "హెరిటేజ్ హోమ్‌స్టే, 14 గదులు" అన్న బోర్డు కనిపిస్తే అది పేరుకే ఇల్లు, నడిచేది హోటల్ లెక్కన అని అర్థం. హోటల్ కావడం తప్పేమీ కాదు. హోటల్‌ను చూసినట్టే దాన్నీ చూడాలి, అంతే.

ఆ తర్వాత చూడాల్సినవి కప్పు, బాత్రూమ్, తాగే నీళ్లు. టిఫిన్ సంగతి వీటన్నిటి తర్వాతే.

కప్పు, గోడ

ఈ దిక్కు పాత ఇళ్లకు కప్పు రెండు రకాలు. ఒకటి దూలాలు, వాసాల మీద గూనపెంకలు. రెండోది మట్టిమిద్దె, ఇది గద్వాల, ఆలంపూర్ వైపు ఎక్కువ. గూనపెంకల ఇంటికి పెద్ద శత్రువు వాన కాదు, కోతి. కప్పు మీద కోతులు దుంకితే గూనలు జరుగుతాయి, వాన ఆ సందులోంచి వస్తుంది. అందుకే ఏటా మిరుగానికి (మృగశిర కార్తెకు) ముందు మనిషిని పెట్టి గూనలు సర్దిస్తారు. జూన్ నుంచి అక్టోబర్ నడుమ బుక్ చేసేవాళ్లు "ఈసారి మిరుగానికి ముందు గూనలు సర్దించిన్రా?" అని అడగాలి. సర్దించినవాళ్లు ఎప్పుడు, ఎవరితో అన్నది కూడా టక్కున చెబుతారు. "మా ఇల్లు అస్సలు కురవదండీ" అన్న జవాబు వస్తే ఇంకో ఇల్లు చూసుకోవడం మేలు.

గోడలు రెండు అడుగులు, కొన్నిచోట్ల మూడు అడుగుల మందం ఉంటాయి. రాయి, మట్టి కట్టడం, పైన డంగు సున్నం. ఇవి చల్లగా ఉంటాయన్నది నిజమే గానీ, సగం నిజం. పగలు తాగిన ఎండను గోడ రాత్రికి లోపలికి వదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో ఎండ 44 డిగ్రీలు కాసిన రోజు, మధ్యాహ్నం రెండింటికి పాత ఇంటి గది హాయిగా ఉంటుంది. రాత్రి పదకొండుకు అదే గది కుమ్ములా మారుతుంది. ఆ కాలంలో పాతవాళ్లు అర్రలో పడుకునేవాళ్లు కాదు, భవంతిలోనో వాకిట్లోనో మంచాలు వేసుకునేవాళ్లు. ఇంటివాళ్లు మీకూ అలా మంచం వేసిస్తామంటే ఎండాకాలంలోనూ వెళ్లొచ్చు. "గదిలోనే పడుకోవాలి" అంటే జూలై దాకా ఆగండి.

ఏసీ ఉందిగా అనుకుంటారు. గూనపెంకల గదిలో కప్పు 12, 14 అడుగుల ఎత్తున ఉంటుంది, చూరు దగ్గర సందులుంటాయి. టన్నున్నర ఏసీ రాత్రంతా తిరిగినా గదిలో చల్లదనం నిలవదు. దీనికి విరుగుడుగా కొందరు ఫాల్స్ సీలింగ్ వేయిస్తారు. అప్పుడు గది చల్లబడుతుంది, మీరు చూడవచ్చిన దూలాలు మాత్రం దాని వెనక దాక్కుంటాయి. ఏసీ బాగా పనిచేసే పాత గదిలో పాత కప్పు కనిపించదు. రెండూ కావాలంటే కుదరదు, ఏది వదులుకుంటారో ముందే అనుకోవాలి. వైరింగ్ సంగతి కూడా ఉంది. పాత ఇంట్లో ఏసీకి, గీజర్‌కు బోర్డు నుంచి విడి లైను లాగకపోతే రెండూ ఒకేసారి వేసినప్పుడల్లా ఫ్యూజు పోతుంది.

ఫొటోల్లో గోడ అడుగు భాగాన్ని చూడండి. నేల నుంచి మూడు అడుగుల దాకా రంగు ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే ఆ సున్నపు గోడకు ఎవరో సిమెంటు పూత పూసి ఉండొచ్చు. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు వదలనివ్వదు. లోపల ఇరుక్కున్న చెమ్మతో గది ముక్కిన వాసన కొడుతుంది. ఆయాసం ఉన్నవాళ్లు ఆ గది తీసుకోకూడదు. దూలం కింద నేల మీద లేత రంగు చెక్కపొడి కుప్పలా రాలుతుంటే కట్టెను పురుగు ఇంకా తింటూనే ఉందని గుర్తు. అక్కడ మంచం వేయించుకోవద్దు.

బాత్రూమ్, నీళ్లు

పాత ఇంట్లో మరుగుదొడ్డి పెరట్లో, కొట్టం పక్కన ఉండేది. ఇప్పుడు దాన్ని మూడు రకాలుగా సర్దుతున్నారు: పక్క అర్రను బాత్రూమ్ చేయడం, గదిలోనే ఓ మూల గోడ లేపడం, పెరట్లోనే కొత్తది కట్టడం. మొదటిది మంచిది. రెండోదాంట్లో నీళ్లు పాత గోడకు ఎక్కి చెమ్మ పడుతుంది. మూడోది శుభ్రంగా ఉంటుంది గానీ, రాత్రి రెండింటికి వానలో పెరడు దాటాలి. కాబట్టి "అటాచ్డ్ ఉందా?" అనే ప్రశ్న చాలదు. "మంచం నుంచి బాత్రూమ్‌కు ఎన్ని అడుగులు, నడుమ గడపలు ఎన్ని, పైన కప్పు ఉందా?" అని అడగండి. పాత గడపలు ఎత్తుగా, దర్వాజలు పొట్టిగా ఉంటాయి. మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లకు ఒక్కో గడపా ఒక మెట్టే. పొడుగు మనిషి మొదటి రోజు రెండుసార్లయినా నెత్తి కొట్టుకుంటాడు.

వేడినీళ్లు గీజర్‌వా, కాగువా అన్నది ఇంకో లెక్క. 15 లీటర్ల గీజర్ ఒక మనిషికి ఒక బకెట్ సంగతి చూస్తుంది. నలుగురు వరసగా స్నానం చేసి ఏడింటికి బయల్దేరాలంటే కట్టెల పొయ్యి మీది కాగే నయం. దానికి మాత్రం పొయ్యి ముట్టించే మనిషి ఐదింటికే లేవాలి. మళ్లీ అదే ప్రశ్న: రాత్రి ఇంట్లో ఎవరుంటారు?

తాగే నీళ్ల దగ్గర నల్లగొండ జిల్లాకు ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది ఏనాటి నుంచో ఉన్న సంగతి. తాగునీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా సరే, ఇంకో దారి లేకపోతే 1.5 దాకా అంటుంది భారత ప్రమాణం. రెండు రోజుల్లో ఏమీ కాదు గానీ చంటిపిల్లలుంటే, వారం పది రోజులు ఉండేట్టయితే అడగాలి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై, మిగిలినదాంట్లో అది ఇంకాస్త చిక్కబడుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో అయితే చాలు. ఇంటి బోరు నీళ్లు స్నానానికి వాడుకోండి.

ఇంటివాళ్లు ఉంటున్న భవంతి ఇల్లు

ఇక్కడ గది కంటే పొద్దున పూట విలువ ఎక్కువ. ఆరు కాకముందే వాకిలి ఊడ్చి సాన్పు (కళ్లాపి) చల్లే చప్పుడు, ఆ వెంటనే చాయ్. టిఫిన్ అంటే హోటల్ ఇడ్లీ, వడ కాదు. ఆ పూట ఇంట్లో ఏం చేస్తే అది: జొన్నరొట్టె, పల్లీల చట్నీ, ఉప్మా. గద్వాల, ఆలంపూర్ వైపు ఉగ్గాని, మిరపకాయ బజ్జి. పాలమూరు పల్లీ పండే ఊళ్లు కనుక చట్నీ విషయంలో ఎవరూ లోటు చేయరు.

ఇబ్బందులు కూడా ఇంటివాళ్లుండటం వల్లే వస్తాయి. రాత్రి తొమ్మిదిన్నర, పదికల్లా దర్వాజకు గొళ్లెం పడుతుంది. వంటర్రలోకి, దేవునర్రలోకి చెప్పులతో వెళ్లకూడదు. మాంసం, మందు సంగతి ఇంటింటికీ మారుతుంది. ముందే అడగాలి, వెళ్లాక అడిగితే ఇద్దరికీ ఇబ్బంది. భవంతి చుట్టూ ఉన్న అర్రల్లో ఒక మూల మాట ఇంకో మూలకు వినబడుతుంది. కొత్తగా పెళ్లైన జంటకు నేనైతే ఈ ఇల్లు చెప్పను.

కాపలా మనిషి నడిపే గడీ

గడీ అంటే దొరలు కట్టుకున్న కోటలాంటి ఇల్లు. చూపుకు దీన్ని మించింది లేదు. బురుజులు, ఏనుగు పట్టే దర్వాజ, పై అంతస్తు దాకా పాత టేకు మొగురాలు. పదిమంది స్నేహితులు కలిసి మొత్తం తీసుకుంటే ఖర్చూ కలిసొస్తుంది. చిక్కంతా నిర్వహణలోనే. వంట చేసే ఆమె ఊళ్లోంచి వచ్చి వెళ్తుంది. రాత్రి ఎనిమిది దాటాక ఆకలేస్తే బిస్కెట్లే గతి. నెలలో పది రోజులే వాడే గదుల్లో గబ్బిలాలు, తేళ్లు ఉండవని ఎవరూ మాటివ్వలేరు. దోమతెర అడిగి కట్టించుకోండి. అది దోమలకే కాదు, పైనుంచి రాలేవాటికీ అడ్డం. మంచం గోడకు జానెడు ఎడం ఉంచండి, పొద్దున చెప్పులు దులిపి వేసుకోండి.

ఇంకో మాట. గడీ అంటే నల్లగొండ, సూర్యాపేట ఊళ్లలో ఇప్పటికీ ఉత్త ఇల్లు కాదు. వెట్టి చేసినవాళ్ల మనుమలు, మనుమరాళ్లు ఆ ఊర్లోనే ఉంటారు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం ఆ దర్వాజల ముందరే జరిగింది. చాయ్ హోటల్ దగ్గర కూర్చుని "దొరలు ఎంత వైభవంగా బతికారో!" అని మాట మొదలుపెట్టకండి. "ఈ గడీ గురించి మీవాళ్లు ఏం చెప్పేటోళ్లు తాతా?" అని అడిగితే బ్రోషర్‌లో లేనిది వింటారు.

పాత సామానుతో కట్టిన కొత్త ఇల్లు

హైదరాబాద్ చుట్టుపక్కల, చౌటుప్పల్, షాద్‌నగర్ వైపు ఫామ్‌హౌస్‌లలో ఇవి ఎక్కువ. కారైకుడి నుంచి తెచ్చిన మొగురాలు, పాత దర్వాజలు, పైన కాంక్రీటు స్లాబు. కురవదు, ఏసీ పనిచేస్తుంది, బాత్రూమ్ హోటల్ బాత్రూమే. చరిత్ర కావాలనుకునేవాళ్లకు ఇది అక్కరకు రాదు. ఫొటోలో గుర్తుపట్టడం తేలికే: పాత గోడలో కిటికీ దగ్గర మందం మూరెడు లోతుకు మించి కనబడుతుంది, ఇక్కడ తొమ్మిది అంగుళాల దగ్గర ఆగిపోతుంది.

హరిత హోటల్, ఊరి లాడ్జి

నాగార్జునసాగర్, సోమశిల, యాదగిరిగుట్ట లాంటి చోట్ల పర్యాటక సంస్థ హోటళ్లున్నాయి. సాగర్‌లో విజయ విహార్, సోమశిలలో కాటేజీలు నీళ్లకు ఎదురుగా ఉంటాయి. ఆ చోటు ఏ పాత ఇంటికీ రాదు. గదిలో విశేషమేమీ ఉండదు, నష్టమూ ఉండదు. ప్రాజెక్టు గేట్లు ఎత్తిన వారం, యాదగిరిగుట్టలో శని ఆదివారాలు ముందుగా బుక్ చేయనిదే దొరకవు. జిల్లా కేంద్రంలో బస్టాండు దగ్గరి లాడ్జి నిద్రకు సరిపోతుంది. రోడ్డు వైపు గది మాత్రం వద్దనండి.

| చూడాల్సింది | ఇంటివాళ్లున్న భవంతి | కాపలా మనిషి గడీ | పాత సామాను కొత్త ఇల్లు | హరిత, లాడ్జి |
|---|---|---|---|---|
| రాత్రి ఇబ్బంది వస్తే | ఇంట్లోనే మనిషి | ఫోన్ చేయాలి | వాచ్‌మన్ | కౌంటర్ |
| ఎండాకాలం రాత్రి | భవంతిలో మంచమైతే సరే | కష్టం | ఏసీ | ఏసీ |
| వానాకాలం | గూనలు సర్దిస్తే బాగు | ముందు చూసి రావాలి | బెంగ లేదు | బెంగ లేదు |
| టిఫిన్ | ఇంటి వంట, ఒకటే రకం | ముందు రోజు చెప్పాలి | వంటమనిషిని బట్టి | మెనూ |
| ఆలస్యంగా రావడం | కుదరదు | కుదురుతుంది | కుదురుతుంది | కుదురుతుంది |
| మోకాళ్ల నొప్పులవాళ్లు | గడపలు లెక్కపెట్టాలి | వద్దు | సరే | సరే |

ఎవరికి ఏది

అమెరికా నుంచి పిల్లలతో వచ్చి "మన ఊరి ఇల్లు" చూపించాలనుకునేవాళ్లకు ఇంటివాళ్లున్న భవంతే సరైనది, అదీ డిసెంబర్, జనవరిలో. పిల్లలవి విదేశీ పాస్‌పోర్టులైతే ఆ వివరాలను ఇల్లు ఇచ్చేవాళ్లు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. ఇళ్లకూ ఈ నియమం ఉంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దీనికి భయపడి చివరి నిమిషంలో వద్దంటారు, కాబట్టి బుకింగ్ నాడే చెప్పండి.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు కూడా అదే ఇల్లు, ఇంట్లో ఆడమనిషి ఉందని ఫోన్లో ఆమెతోనే మాట్లాడి తెలుసుకున్నాక. చీరల కోసం గద్వాల వెళ్లేవాళ్లకు ఊర్లో పాత ఇల్లు దొరికితే మగ్గాలున్న గల్లీలు నడిచే దూరంలో ఉంటాయి. నూలు ఒంటికి పట్టు అంచును కుప్పడం పద్ధతిలో కలపడం చూడాలంటే పొద్దున పూటే వెళ్లాలి. అమ్మానాన్నలతో గుళ్లు తిరిగేవాళ్లు మొహమాటం లేకుండా హరిత తీసుకుని, పాత ఇంటికి మధ్యాహ్నం భోజనానికి మాత్రం వెళ్లండి. చాలా ఇళ్లవాళ్లు ముందు రోజు చెబితే వండిపెడతారు. ఇంటిని చూసినట్టూ అవుతుంది, రాత్రి గడపలు దాటే పనీ ఉండదు. ఫొటోలు తీసుకునేవాళ్లకు గడీ. వెలుగు బాగుండేది పొద్దున, సాయంత్రమే కనుక ఒక రాత్రి కష్టపడక తప్పదు.

నల్లమలను కలుపుకుని వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మన్ననూర్ దగ్గర నుంచి శ్రీశైలం వెళ్లే అడవి దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. కొల్లాపూర్‌లోనో అచ్చంపేటలోనో బస పెట్టుకుని, సాయంత్రం శ్రీశైలం చూసి వెనక్కి వస్తామనుకుంటే గేటు దగ్గర ఆగిపోతారు.

ఫోన్ చేసినప్పుడు

యాప్‌లో కనిపించినా సరే, ఒకసారి నేరుగా మాట్లాడండి. మాట ఇలా నడవాలి:

"అమ్మా, శనివారం రాత్రి ఇంట్ల ఎవరుంటరు?"

"మేమే ఉంటం. అత్తమ్మ, నేను, పిల్లలు."

"మీరు పండుకునేదీ, మాకిచ్చేదీ ఒకటే కప్పు కిందనేనా?"

"మీది దక్షిణం అర్ర, మాది పడమర. నడుమ భవంతి ఉంటది."

ఈ రెండు జవాబులతో సగం పని అయిపోతుంది. తర్వాత గది ఫొటోలు మూడు వాట్సాప్‌లో అడగండి: పడుకుని పైకి చూస్తే కనిపించే కప్పు, గోడ అడుగు భాగం, బాత్రూమ్‌కు వెళ్లే దారి. అలంకరించిన వాకిలి ఫొటో ఎలాగూ వాళ్లే పంపుతారు.

డబ్బు దగ్గర అద్దె గదికా, మనిషికా అన్నది తేల్చుకోండి. గదికి 3,000 అన్న ఇల్లు నలుగురికి చవక, మనిషికి 1,200 అన్నది ఇద్దరికి చవక. రాత్రికి 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉండి నమోదు కాని ఇంటివాళ్లు జీఎస్టీ పేరుతో వసూలు చేయకూడదు. యాప్‌లో బుక్ చేస్తే మాత్రం పన్ను యాపే వేసుకుంటుంది. అడ్వాన్స్ సగానికి మించి ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు "ఆ రోజు ప్రీ-వెడ్డింగ్ షూట్ ఏదైనా ఉందా?" అని అడిగి జవాబు మెసేజ్‌లో రాయించుకోండి. పెళ్లిళ్ల కాలంలో పాత ఇళ్లకు అద్దెకంటే షూటింగ్ రాబడి ఎక్కువ. పొద్దున ఆరింటికి భవంతిలో లైట్లు, డ్రోన్ దిగితే అతిథులు గదిలో బందీలే.

రైల్లో వచ్చేవాళ్లు స్టేషన్ పేరు చివర "రోడ్" ఉందేమో చూసుకోండి. వనపర్తి రోడ్ స్టేషన్ వనపర్తిలో లేదు, మదనాపురం దగ్గర ఉంది. ఆలంపూర్ రోడ్ స్టేషన్‌లో దిగినా ఆలంపూర్ గుళ్లకు ఇంకా ఆటో ఎక్కాల్సిందే. రాత్రి బండికి దిగితే అక్కడ ఆటో దొరకదు, ఇంటివాళ్లనే ఎవరినైనా పంపమని ముందే చెప్పాలి. గద్వాల స్టేషన్ మాత్రం ఊరికి ఆనుకునే ఉంది.